జొన్నకూడు, సజ్జకూడు: పల్నాటి కంచంలో పశ్చిమ ఆఫ్రికా

పల్నాటి మెట్ట చేలల్లో తరతరాలుగా పండుతూ వచ్చిన పంటల పుట్టిల్లు వెతికితే, దారి పదేపదే ఆఫ్రికాకే తీస్తుంది. జొన్న, సజ్జ, బొబ్బర్లు, గోగు, ఆముదం అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. మాచర్ల, గురజాల, నరసరావుపేట తాలూకాల్లో వెయ్యేళ్లకు పైగా జనం కడుపు నింపినవి ఈ గింజలే. అందుకే పశ్చిమ ఆఫ్రికాలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్, ఉత్తర నైజీరియా పల్లెల్లో పొయ్యి మీద ఉడికేదానికీ, మొన్న మొన్నటి దాకా పల్నాటి పల్లెల్లో కుండలో ఉడికినదానికీ అంత దగ్గర పోలిక. ఈ రెండు సీమల మధ్య వేల మైళ్ల దూరం ఉంది. వంట మాత్రం ఒకే గింజ చుట్టూ, ఒకే రకపు నేల మీద, ఒకే రకపు వానకు లోబడి పెరిగింది.

సజ్జను మొదట మచ్చిక చేసుకున్నది పశ్చిమ ఆఫ్రికా రైతులు. నేటి మాలి దేశపు ఉత్తర భాగంలో, సహారా అంచున ఉన్న తిలెమ్సి లోయలో దొరికిన పాత కుండపెంకుల్లో సజ్జ పొట్టు ముద్రలు పడి ఉన్నాయి. మట్టిలో పొట్టు కలిపి కుండలు చేసిన ఆ కాలం సుమారు క్రీ.పూ. 2500. ఆ పొట్టు అడవి గింజది కాదు, సాగు గింజది. జొన్న పుట్టింది ఖండానికి తూర్పు వైపున, సూడాన్‌లో. అక్కడ క్రీ.పూ. 3000కు ముందే సాగు మొదలైనట్టు కుండపెంకులే చెప్పాయి. తర్వాత అది పశ్చిమానికి పాకి అక్కడి వానకు తగ్గట్టు రూపం మార్చుకుంది. వాన ఎక్కువ పడే చోట్ల కంకి వదులుగా, విడివిడిగా వేలాడుతుంది కనుక నీరు నిలిచి బూజు పట్టదు. దక్కనులో స్థిరపడిన జొన్న కంకి ముద్దగా బిగిసి ఉంటుంది. బొబ్బర్లు పశ్చిమ ఆఫ్రికావే. నేటి ఘానా దేశంలో కింటాంపో సంస్కృతికి చెందిన స్థలాల్లో మూడున్నర వేల ఏళ్లకు పైబడిన బొబ్బర గింజలు దొరికాయి.

ఈ పంటలు అరేబియా సముద్ర తీరాల వెంట జరిగిన రాకపోకలతో క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో భారతదేశానికి చేరాయి. కర్ణాటకలోని హళ్లూరు తవ్వకాల్లో సజ్జ, చిక్కుడు గింజలు బయటపడ్డాయి. అంతకు ముందు దక్కను నవీన శిలాయుగపు రైతులు తిన్నది అండుకొర్రలు, ఉలవలు, పెసలు. ఆఫ్రికా గింజలు వచ్చి వాటిని తరిమెయ్యలేదు, పక్కన చేరాయి. కొర్ర, సామ మెట్టన ఉండగానే జొన్న, సజ్జ పెద్ద పంటలయ్యాయి. కారణం దిగుబడి. పెద్ద కంకి, పెద్ద గింజ, పైగా మనిషి ఎత్తు దాటిన చొప్ప. పశువుల మీద బతికే సీమకు గింజ ఎంత ముఖ్యమో చొప్పా అంతే ముఖ్యం.

జొన్నలోగానీ సజ్జలోగానీ గోధుమ పిండికి ఉండే సాగుడు లేదు. పులియబెట్టి పొంగే రొట్టె చెయ్యడం కుదరదు. అందువల్ల ఈ గింజ తిన్నవారు ఎక్కువగా దాన్ని ముద్దగానో, గంజిగానో, వేడినీళ్లతో కలిపి తట్టిన రొట్టెగానో మార్చుకున్నారు. పల్నాటి ఇల్లాలు జొన్నలకు కాస్త తడి చల్లి రోట్లో పోసి రోకలితో దంచేది. పై పొట్టు ఊడాక చేటలో చెరిగి, తిరగట్లో పోసి నూక, పిండి విడివిడిగా విసిరేది. కుండలో ఎసరు మరిగాక ముందు నూక పోస్తారు. నూక మెత్తబడ్డాక పైన పిండి కుప్పగా వేసి మూత పెట్టి ఆవిరికి మగ్గనిస్తారు. ఆ తర్వాత కుండను కాళ్ల మధ్య బిగించి తెడ్డుతో గిరగిరా తిప్పి గెలకాలి. ఉండ కట్టకుండా, అడుగంటకుండా గెలకడంలోనే పనితనమంతా ఉంది. తడిచేత్తో ముద్ద చేసి కంచంలో పెట్టి, నడుమ గుంట చేసి, అందులో పులుసో పప్పో పోసేవారు.

ఈ సంకటినే ఉత్తర నైజీరియాలోని హౌసా వారు తువో అంటారు. మాలి, బుర్కినా ఫాసోల్లో ఇది తో. అక్కడా పొడవాటి రోకళ్లే, ఒక రోటి దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వంతులు వేసుకుని దంచడమే. కుండలో ముందు కొద్ది పిండితో పల్చని జావ కాచి, అది ఉడుకుతుండగా మిగతా పిండి కొంచెం కొంచెంగా వేస్తూ చెక్క తెడ్డుతో గట్టిపడేదాకా గెలుకుతారు. సొరబుర్ర డిప్పతో గుండ్రంగా తీసి పళ్లెంలో బోర్లిస్తారు. కుడిచేతి వేళ్లతో ముక్క తుంచి పులుసులో అద్ది మింగుతారు. ప్రాంతాన్ని బట్టి ఒక తేడా ఉంది, అది గమనించదగ్గది. బుర్కినా ఫాసోలో మోసీ జాతివారు ఎసట్లో చింతపండు పులుపు కలుపుతారు. మాలిలో చాలాచోట్ల బూడిద వడగట్టిన క్షారపు నీరు పోస్తారు. పులుపు పోస్తే ముద్ద రంగు తేలుతుంది, క్షారం పోస్తే ముదురుతుంది. పల్నాటి సంకటిలో ఈ రెండూ లేవు. ఇక్కడ పులుపు అంతా పక్కన వడ్డించే కూరలోనే ఉంటుంది.

ఆ కూర గోంగూర. గోగు జాతి మొక్కలకు మూలం ఆఫ్రికా అనేది వృక్షశాస్త్రవేత్తల అభిప్రాయం. గుంటూరు సీమలో గోగు కాడ నారకు, ఆకు కూరకు పనికొచ్చింది. పశ్చిమ ఆఫ్రికా ఈ మొక్కను ఇంకా నిండుగా వాడుకుంది. ఎర్రని కాయ రేకులను నీళ్లలో నానబెట్టి చక్కెర కలిపి తాగే పానీయానికి సెనెగల్‌లో బిసాప్ అని, నైజీరియాలో జోబో అని పేరు. గింజలను ఉడికించి పులియబెట్టి బుర్కినా ఫాసోలో కూరలకు రుచి దినుసుగా వేస్తారు. ఆకును ఉడికించి, బెండకాయతో కలిపి మెత్తగా మెదిపి, సెనెగల్‌లో చేపల అన్నం పక్కన పెడతారు. గుంటూరు మనిషి ముందు ఆ పళ్లెం పెడితే గోంగూరను వెంటనే గుర్తుపడతాడు. సహారా దక్షిణపు అంచున ఉన్న సహేలు పల్లెల్లో తో మీదకు రోజూ వండేది మాత్రం బెండకాయ పులుసు, లేదా బావోబాబు ఆకు ఎండబెట్టి దంచిన పొడితో కాచిన జిగురు పులుసు. బావోబాబు చెట్టు తెలుగు నేలకూ వచ్చింది. గోల్కొండ నయాఖిల్లాలో ఒక మహావృక్షం నేటికీ ఉంది. ఆకు వండుకునే అలవాటు మాత్రం చెట్టు వెంట రాలేదు.

కారం సంగతి వేరు. మిరప రెండు సీమలదీ కాదు. అది అమెరికా ఖండపు కాయ, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద ఇటూ అటూ చేరింది. వేరుశనగ, మొక్కజొన్న, కర్రపెండలం కూడా ఆ దారినే వచ్చాయి. అంతకు ముందు పశ్చిమ ఆఫ్రికాలో మిరియంలా ఘాటుగా ఉండే స్థానిక గింజలు వాడేవారు. వాటిలో ఒకటి యూరపు వర్తకులను ఎంతగా ఆకర్షించిందంటే, నేటి లైబీరియా తీరానికి ఆ గింజ పేరే పెట్టారు. పల్నాడులో అప్పట్లో ఘాటు మిరియాలదే. నేడు మిరప పల్నాడుకు ప్రధాన వాణిజ్య పంట, గుంటూరు యార్డు ఆసియాలోకెల్లా పెద్ద మిరప మార్కెట్టు. జొన్న సంకటి, గోంగూర, పచ్చిమిరపకాయ అనాది భోజనమని చెప్పుకోవడం వాడుక. అందులో మూడోది వచ్చి అయిదు వందల ఏళ్లు కూడా నిండలేదు.

బొబ్బర్ల దగ్గర పోలిక మరింత దగ్గరకొస్తుంది. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు కడిగి, రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నూనెలో వేయించే వంట నైజీరియాలో అకారా. హౌసా వారికి అది కొసై, ఘానాలో కూసె. తెలుగువారు అలసంద గారెలు, బొబ్బర వడలు అని చేసుకునేది ఇదే. పిండిని గిలక్కొట్టి గాలి పట్టించడం అక్కడి మెళకువ. అందుకే అకారా లోపల గుల్లగా ఉంటుంది. వేయించేది ఎర్రని తాటిజాతి నూనెలో. బానిసలుగా అమ్ముడుపోయి సముద్రం దాటిన యోరుబా స్త్రీలు ఈ వంటను బ్రెజిల్‌లోని బాహియాకు తీసుకుపోయారు. అక్కడి వీధుల్లో అది నేటికీ అకరాజె పేరుతో అమ్ముడవుతోంది. అదే రుబ్బిన పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తే మోయిన్ మోయిన్. బొబ్బర్లను బియ్యంతో కలిపి, జొన్న ఆకు తొడుగులు వేసి ఎర్రగా ఉడికించేది ఘానాలో వాచె. గుగ్గిళ్లుగా ఉడికించి తాలింపు పెట్టడం తెలుగు పద్ధతి.

జొన్న, సజ్జల మాంసకృత్తుల్లో ఉండే లోటును పప్పుజాతి గింజ పూడుస్తుంది. చేలో కూడా అంతే. బొబ్బర వేళ్ల బుడిపెలు నేలకు నత్రజని ఇస్తాయి. సహేలులో సజ్జ సాళ్ల మధ్య బొబ్బర్లు వేస్తారు, పల్నాటి మెట్టన జొన్నలో కంది, బొబ్బర కలిపి చల్లారు. ఏ శాస్త్రమూ చెప్పకముందే రెండు చోట్లా రైతు ఈ జతను కనిపెట్టుకున్నాడు.

రాత్రి మిగిలిన సంకటిలో నీళ్లు పోసి ఉంచితే తెల్లవారేసరికి పులుస్తుంది. దాన్ని మజ్జిగతో పిసికి, ఉల్లిపాయ నంజుకుని, చేలోకి పోయేవాడు పొద్దున్నే తాగేవాడు. జొన్న అంబలి, సజ్జ అంబలి ఎండాకాలపు ప్రాణాధారాలు. పశ్చిమ ఆఫ్రికాలో గింజనే నానబెట్టి, రుబ్బి, వడగట్టి, పులియబెట్టి జావ కాస్తారు. దాన్ని ఘానాలో కోకో అని, నైజీరియాలో ఓగి అని అంటారు. మజ్జిగ అంబలికి సరిజోడు మరొకటి ఉంది. అది ఫుర. సజ్జపిండిలో అల్లం, మిరియం కలిపి ఉండలు కట్టి ఉడికించి, వాటిని పుల్లని పాలలో చిదిపి తాగుతారు. పాలు తెచ్చేది ఫులానీ పశుకాపరుల స్త్రీలు, సజ్జలు ఇచ్చేది రైతు ఇళ్లు. పంట కోతయ్యాక ఫులానీలు మందలను కొయ్యకాళ్ల చేలల్లో మేపితే చేనికి పేడ దక్కుతుంది. పల్నాడులో గొర్రెల మందను రాత్రిళ్లు చేలో కట్టించుకోవడం, అందుకు కాపరికి గింజలో డబ్బో ముట్టజెప్పడం అటువంటి ఏర్పాటే. కూడు, మజ్జిగ ఒకే కంచంలో కలవడం వెనుక రైతుకూ కాపరికీ ఉన్న ఈ పాత ఒప్పందం ఉంది.

పండిన కంకిని పిట్టల నుంచి కాపాడుకోవడం రెండు సీమల్లోనూ ఒక యుద్ధం. పల్నాటి జొన్న చేలో మంచె, మంచె మీద వడిసెల పట్టిన పిల్లలు. సహేలులో క్వేలియా అనే చిన్న పిట్ట లక్షల సంఖ్యలో దండుగా వచ్చి పడి చేను ఊడ్చేస్తుంది. అక్కడా పిల్లలు వడిసెలలతోనే కాపలా. కొత్త పంట చేతికి రాని వానాకాలపు నెలలు ఆకలి నెలలు. ఆ నెలలు గట్టెక్కించడానికి పశ్చిమ ఆఫ్రికాలో ఫోనియో అనే చిరుగింజ ఉంది. త్వరగా కోతకొచ్చే దాని రకాలు రెండు నెలలలోపే చేతికందుతాయి. పల్నాడులో ఆ పని కొర్ర చేసింది. గింజను పాతరలో దాచి ఏడాది గట్టెక్కడం మెట్ట సీమ ఇంటి లెక్క. వరుసగా వానలు ఎగ్గొడితే ఆ లెక్క తప్పేది. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలో చనిపోయినవారి సంఖ్య లక్ష దాటింది. ఆ కరువు పేరు జనం నోట తరాల పాటు మిగిలింది.

ఈ కూటిని బయటివారు మెచ్చలేదు. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడి పేరున పల్నాడు మీద చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. రాళ్లనూ తేళ్లనూ ఏకరువు పెట్టిన ఆ నోటితోనే కవి జొన్నకూటినీ ఎత్తిపొడిచాడు. సన్నన్నానికి అలవాటుపడిన ఆస్థాన కవికి అది గొంతు దిగలేదు. విచిత్రమేమిటంటే, ఆయన కొలువు చేసిన కొండవీడు నేడు పల్నాడు జిల్లాలోనే, యడ్లపాడు మండలంలో ఉంది. వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి భోజనం వస్తుంది. అక్కడ వడ్డించేది మేలురకం వరి అన్నం. ఊరి భోజనం జొన్న, నగరపు భోజనం వరి అన్న విభజన అప్పటికే గట్టిపడింది.

శ్రీనాథుడికి కొన్ని దశాబ్దాల ముందు, 1352లో, ఇదే అసంతృప్తిని మరో అతిథి మరో చోట వెళ్లగక్కాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసి వెళ్లిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సహారా దాటి మాలి సామ్రాజ్యపు సరిహద్దు పట్టణం వలాతా చేరాడు. అక్కడి అధికారి విందుకు పిలిచి సొరబుర్ర డిప్పలో దంచిన చిరుధాన్యం, కాస్త తేనె, పెరుగు కలిపి పెట్టాడు. దీనికా మమ్మల్ని పిలిచింది అని యాత్రికుడు చిన్నబుచ్చుకున్నాడు. అంతకు మించిన మర్యాద వాళ్లలో లేదని బదులొచ్చింది. ఆయన నిష్ఠూరం ఎలా ఉన్నా, రాత మాత్రం చరిత్రకు పెన్నిధి. దారిలో ఊరూరా ఆడవాళ్లు చిరుధాన్యం, పాలు, కోళ్లు, బియ్యం, ఫోనియో, బొబ్బర పిండి తెచ్చి అమ్మారని ఆయన రాసిపెట్టాడు. ఆరున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ దేశపు సంతల్లో ఈ సరుకులన్నీ కనిపిస్తాయి. శ్రీనాథుడి విసుగు కూడా ఈ రకంగానే ఉపయోగపడుతుంది. 15వ శతాబ్దపు పల్నాడు ఏం తిన్నదో సాక్ష్యం చెప్పేది ఆ విసుగే.

కూడు అన్న మాటను గౌరవంగా నిలబెట్టిన సంప్రదాయం కూడా ఇక్కడిదే. 12వ శతాబ్దపు పల్నాటి వీరుల గాథలో బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. అదే చాపకూడు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగే వీరుల ఉత్సవాల్లో నేటికీ చాపకూడు పంక్తి సాగుతుంది. సెనెగల్, మాలి ఇళ్లలో చాప పరిచి నడుమ ఒకే పెద్ద పళ్లెం పెట్టి ఇంటివారూ అతిథులూ చుట్టూ చేరి తినడం రోజువారీ మర్యాద. అక్కడ అది కుటుంబపు పద్ధతి. పల్నాటిది కులాల గోడ మీద చేసిన తిరుగుబాటు. ఆ తేడాను మరిచి రెంటినీ ఒకే గాట కట్టడం బ్రహ్మనాయుడికి అన్యాయం చెయ్యడమే.

పశ్చిమ ఆఫ్రికా అంతా జొన్న సీమ కాదు. దక్షిణాన సముద్రం వైపు అడవి మొదలయ్యాక గింజ తగ్గి దుంప వస్తుంది. పెండలం ఉడికించి రోట్లో దంచి సాగే ముద్దగా చేసేది ఫుఫు. కర్రపెండలం తురిమి పులియబెట్టి వేయించేది గారి. వీటికి పల్నాడులో జోడు లేదు. నైజర్ నది లోపలి డెల్టాలో ఆసియా వరికి సంబంధం లేని మరో వరిని స్థానికులే మచ్చిక చేసుకున్నారు. ఆ వరి నేడు చాలావరకు ఆసియా వరికి చోటిచ్చింది. సెనెగల్ చేపల అన్నం 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది.

పల్నాడులో వరి గెలుపు కాలువతో వచ్చింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టా వరి సీమ అయింది, పల్నాడు మెట్టగానే మిగిలింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద నరసరావుపేట, వినుకొండ వైపు జొన్న చేలు వరి మళ్లూ, పత్తి, మిరప తోటలూ అయ్యాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక కాలువ అందని వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టల్లో కూడా కుండలోకి అన్నం వచ్చింది. దంచడం, విసరడం, గెలకడం అనే రోజువారీ చాకిరీ ఆడవాళ్ల భుజాల మీది నుంచి దిగింది. సంకటి పోయిందని బాధపడేవారు ఈ మాట కూడా చెప్పుకోవాలి. రోకలి పోటు తప్పినందుకు సంతోషించని ఇల్లాలు ఉండదు. ఇప్పుడు మర పిండి అందుబాటులో ఉంది కనుక జొన్నరొట్టె పట్టణాల్లో తిరిగి వస్తోంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

ఈలోగా ఆఫ్రికా సజ్జ తెలుగు నేలకు రెండోసారి వచ్చింది. 1972లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ తన ప్రధాన పంటల్లో భాగంగా జొన్న, సజ్జల మీద పరిశోధన చేపట్టింది. తోగో దేశపు ఉత్తర భాగంలో రైతులు పండించే ఇనియాది అనే నాటు సజ్జకు పెద్ద గింజ, తొందరగా కోతకొచ్చే గుణం ఉన్నాయి. ఆ విత్తనం నుంచి పటాన్‌చెరులో ఎంపిక చేసిన ఐసీటీపీ 8203 రకం 1988లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రైతులకు విడుదలైంది. దాన్నే మెరుగుపరిచి, ఇనుము ఎక్కువ ఉండేలా తీర్చిన ధనశక్తి రకం 2014లో దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది.